నాకున్నది, నావద్దనున్నది

మా గ్రామమున ఒక వృద్ధ కర్షకుడు కలడు. ఆయనకు 2 ఎకరముల మాగాణి సొంతముగా ఉన్నది. మరి 4 ఎకరములను కౌలునకు తీసికొని సేద్యము చేయుచుండును. కొన్ని సంవత్సరముల క్రిందట ఏదో సహాయ పథకము నిమిత్తము రైతుల వివరములు సేకరించుటకు ఒక అచ్చుపత్రము వచ్చినది. అందలి ప్రశ్నలలో ఒకటి యిది: “మీరు ఎంత భూమిని కలిగియున్నారు?” ఉద్యోగి దానిని చదివి వినిపింపగా ఆ వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, “నాకు ఎంతుందనా బాబూ, నా చేతిలో ఎంతుందనా?” అని అడిగెను.

ఉద్యోగికి ఆ మాట చాదస్తముగా తోచినది. రెండును ఒకటే కదా యని 6 అని వ్రాసికొని పోయెను. ఆ పథకము 5 ఎకరముల లోపు భూమి గల చిన్న రైతుల కొరకు ఉద్దేశింపబడినది. ఆ యేడు ఆయన పేరు జాబితాలో లేకపోయెను.

ఆ ఉద్యోగిని నేను తప్పు పట్టను. తప్పు ప్రశ్నలోనిది. ఆంగ్లమున సిద్ధమైన పత్రమును మాటకు మాటగా తెనిగించినవారు, ఆ భాషలోని ‘హావ్’ అను క్రియకు బదులుగా ‘కలిగియుండు’ అను పదమును నిలిపి తృప్తిపడిరి. అట్టి క్రియ తెలుగు వాడుకలో లేదు. లేనందువలన తెలుగునకు కొరత యేమైన కలిగినదా, లేక ఆ క్రియ గల భాషలు ఒక్కటిగా చూచుచున్న దానిని మనము రెండుగా, మూడుగా చూచుచున్నామా యనునది విచారింపదగిన విషయము.

ముందుగా మన మాటలనే పరీక్షింతము. ‘నాకు డబ్బున్నది’ అనునది ఒక వాక్యము. ‘నావద్ద డబ్బున్నది’ అనునది వేరొకటి. మొదటిది నేను ధనవంతుడనని తెలుపును. ఆ ధనము ఈ క్షణమున బ్యాంకులో ఉండవచ్చును, పొలము రూపమున ఉండవచ్చును. రెండవది నా జేబులో గాని పెట్టెలో గాని డబ్బున్నదని మాత్రమే తెలుపును. అది నాదే కానక్కరలేదు. హుండీ సొమ్ము లెక్కించి తాళపుచెవి తన మొలను దోపుకొన్న ధర్మకర్త ‘నావద్ద డబ్బున్నది’ అని నిర్భయముగా అనవచ్చును. ‘నాకు డబ్బున్నది’ అనెనా, ఊరివారు ఆయనవంక మరొక విధముగా చూతురు. అట్లే, అప్పు అడుగవచ్చిన వానితో ‘ఇప్పుడు నా దగ్గర లేదండీ’ అనుట మర్యాదగల నిరాకరణము. అడిగినవాడును నొచ్చుకొనడు, చెప్పినవాడును అసత్యమాడినవాడు కాడు. ‘నాకు లేదు’ అన్నచో అది పేదరికమును ఒప్పుకొనుటయే. ఈ భేదమును మనకెవరును బడిలో నేర్పలేదు. అయినను అయిదేండ్ల పిల్లవాడు కూడ దీనిలో పొరబడడు.

మనుష్యుల విషయమున ఈ భేదము మరింత పదునైనది. ‘నాకు నలుగురు కొడుకులున్నారు’ అనునది బంధుత్వము. ‘నావద్ద ఇద్దరు కొడుకులున్నారు’ అనునది నివాసము. కొడుకులు దేశాంతరములలో స్థిరపడిన తల్లులు నేడు మన యూళ్ళలో ఎందరో కలరు. అట్టి తల్లి యొకతె ‘నాకు నలుగురమ్మా, నా దగ్గర ఒక్కడూ లేడు’ అనగా నేను వింటిని. ఆమె చెప్పదలచినదంతయు ‘కు’ అను ప్రత్యయమునకును ‘దగ్గర’ అను మాటకును గల భేదముననే యున్నది. పాలేర్ల మాట వచ్చినపుడు మాత్రము ఎవరును ‘నాకు ఇద్దరు పాలేర్లు’ అనరు; ‘మావద్ద ఇద్దరు పాలేర్లున్నారు’ అందురు. వారు మనవద్ద ఉన్నవారే గాని మనకు ఉన్నవారు కారు.

జడపదార్థములందును ఇట్లే. ‘ఈ గదికి రెండు తలుపులున్నవి’ అన్నచో అవి గదికి అంగములు. ‘ఈ గదిలో రెండు తలుపులున్నవి’ అన్నచో వడ్రంగి చేసి తెచ్చి గోడకు చేరవేసిన తలుపులు కన్నులకు కట్టును. ఆవుకు కొమ్ములు, బల్లకు కాళ్ళు, చెట్టుకు కాయలు. ఇవన్నియు ‘కు’ పాలివే. దయ, గర్వము మొదలగు గుణములు మాత్రము కొన్ని యెడల ‘ఆయనలో’ ఉండును.

ఇక్కడ మన వ్యాకరణమును ఒకమారు తలచుకొనుట మంచిది. ‘కి, కు, యొక్క, లో, లోపల: షష్ఠీ విభక్తి’ అని చిన్ననాట వల్లించినవారే అందరును. 1858లో ప్రకటితమైన బాలవ్యాకరణమున చిన్నయసూరి చేసిన ఏర్పాటు ఇదియే. పాశ్చాత్య వ్యాకరణములు చదివినవారు దీనిని చూచి ఆశ్చర్యపడుదురు. వారి దృష్టిలో ‘కు’ అనునది ఇచ్చుటకు సంబంధించిన ప్రత్యయము. దానిని చతుర్థియందు ఉంచవలసియుండగా షష్ఠిలో ఏల ఉంచిరి? కారణములు ఏవైనను ఫలితమును చూడుడు. నా కొడుకు, నాకు కొడుకు, నాలో ధైర్యము అను మూడు విధములైన సంబంధములును ఒకే విభక్తి గూటిలో చేరినవి. ‘నావద్ద’ అనునది మాత్రము ఆ గూటికి వెలుపల నిలిచినది. మా గ్రామపు వృద్ధుడు చూపిన భేదమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము నాకు కనబడలేదు.

సంస్కృతముననైనను కలిగియుండుట యను క్రియ వాడుకలో ప్రధానము కాదు. ‘మమ ద్వౌ పుత్రౌ స్తః’ అందురు. ‘నాయొక్క ఇద్దరు పుత్రులు కలరు’ అని దాని పొందిక. కారకములకు విభక్తులను విధించిన పిమ్మట మిగిలిన సంబంధములన్నిటికిని పాణిని షష్ఠిని విధించెను. సొత్తునకును సొంతదారునకును గల సంబంధము ఆ మిగిలినవానిలో ఒకటి మాత్రమే. షష్ఠికి గల అర్థములు నూటయొకటి యని పతంజలి మహాభాష్యమున నుడివినాడు. అంతకంటె నాకు ప్రియమైనది మరొకటి కలదు. ధనవంతుడు, బుద్ధిమంతుడు అను పదములకు మూలమైన మతుప్ ప్రత్యయమును విధించుచు పాణిని దానికి రెండర్థములు చెప్పెను: అది అతనికి కలదు, లేదా అతనియందు కలదు. తన భాషను అంత దగ్గరగా వినిన వాడును ఈ రెంటిని ఒక్కటిగా కలుపలేదు.

మన పొరుగు భాషలును ఈ త్రోవనే నడచినవి. తమిళులు కొడుకుల విషయమున ‘ఎనక్కు’ అనియు చేతిలోని సొమ్ము విషయమున ‘ఎన్నిడమ్’ అనియు అందురు. కన్నడమున ‘ననగె’, ‘నన్న హత్తిర’ అనునవి మన మాటలకు తోబుట్టువులే. హిందీ మరియొక మెట్టు హెచ్చు. ‘మేరే దో బేటే హైఁ’ అనునపుడు షష్ఠి, ‘మేరే పాస్ పైసే హైఁ’ అనునపుడు ‘వద్ద’, ‘ముఝే బుఖార్ హై’ అనునపుడు ‘నాకు’. కొడుకునకును జ్వరమునకును మనము ఒకే ప్రత్యయమును వాడగా హిందీ వానిని కూడ వేరుచేసినది. జ్వరము నాదని గర్వించువాడెవడు?

దేశమును దాటి పోయినచో అరబ్బీ మనకు మిక్కిలి సన్నిహితముగా కనబడును. ‘లీ’ యన్న నాకు. సోదరుడున్నాడని చెప్పుటకు ఇది తగును. ‘ఇందీ’ యన్న నాకడ; సొత్తునకు ఇది తగును. ‘మఈ’ యన్న నాతో. ఇప్పుడు జేబులో నున్నదానికి ఇది తగును. ఐర్లండు దేశపు ప్రాచీన భాషలో ‘పుస్తకము నావద్ద నున్నది’ అను పొందిక కలదు. అది ఎవరి పుస్తకమైనను సరే. అది నా సొంతమని చెప్పుటకు వేరొక విభక్తి, వేరొక ‘ఉండు’ ధాతువు కావలెను. ఆకలి, జ్వరము, దుఃఖము మొదలగునవి యన్నియు ఆ భాషలో మనిషి ‘మీద’ ఉండును. టర్కీవారు ‘నా పుస్తకము కలదు’ అందురు. వారి ‘వార్’, ‘యోక్’ అను మాటలు మన కలదు, లేదు అనువానివలెనే వాక్యాంతమున కూర్చుండును. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలో ‘నీనా కితాబు’ అన్న ‘నేను పుస్తకముతో’ అని యర్థము.

అయితే క్రియ లేని ప్రతి భాషయు సూక్ష్మదర్శిని యని అనుకొనరాదు. రష్యనులు కొడుకులైనను కాసులైనను ‘నావద్ద’ ననియే సరిపెట్టుకొందురు. ఆంగ్లమునకును ఉపాయములు లేకపోలేదు. ‘సొంతమైయుండు’ అనుటకు వారికి వేరు క్రియలు కలవు. కాని అవి కోరినపుడు మాత్రము వెలికి తీయు పనిముట్లు. మన ‘కు’, ‘వద్ద’ అట్టివి కావు. వాక్యము నోట వెడలవలెనన్న రెంటిలో ఒకదానిని ఏరుకొనియే తీరవలెను.

ఐరోపా భాషలకు ఈ క్రియ పుట్టుకతో వచ్చినదియు కాదు. లాటిను భాషలో ‘మిహి ఎస్త్ లిబెర్’ అను వాక్యము కలదు: ‘నాకు పుస్తకము ఉన్నది’ అని ముక్కకు ముక్క తెలుగే. దాని పక్కనే ‘పట్టుకొను’ అను అర్థము గల ‘హబేఓ’ అను క్రియ బలపడి, క్రమముగా ఆ ‘నాకు’ను త్రోసివేసినది. ఆంగ్ల క్రియకును పట్టుకొనుటయే మూలార్థము. పిడికిట పట్టినది క్రమముగా సొంతమైనది! ‘కలిగియుండు’ అనునది ‘ఒకనికి ఉండు’ అనుదానిని తిరుగవేసిన రూపము మాత్రమేయని ఫ్రెంచి భాషావేత్త ఎమిల్ బెన్‌వెనిస్త్ 1960లో ప్రకటించిన వ్యాసమున ప్రతిపాదించెను. ఈ క్రియ లోకమున సర్వసామాన్యము కాదని లెక్కలును చెప్పుచున్నవి. లియొన్ స్టాసెన్ అను డచ్చి పండితుడు ఖండములన్నిటినుండియు 240 భాషలను ఏరి వర్గీకరింపగా, అందు 63 భాషలలో మాత్రమే ఇట్టి క్రియ ప్రధానముగా కనబడినది. మిగిలిన మూడుపాళ్ళు మనవలె వేరు త్రోవలు వెదకికొన్నవే.

ఇంతవరకు ‘ఉన్నది’ అని చెప్పు వాక్యములను చూచితిమి. ‘నా’, ‘నీ’ అని చెప్పు చిన్నమాటలలో ఇంకను వింతలు గలవు.

1903 మొదలు మద్రాసు రేవునుండి చెరకుతోటల పనికై ఫిజీ దీవులకు పోయిన కూలీలలో తెలుగువారును ఉండిరి. వారు దిగిన తీరమున వినవచ్చిన దేశభాషలో ‘నా’ అను మాట ఒకటి కాదు, నాలుగు. ‘ఉలు’ అన్న తల. ‘ఉలుంగు’ అన్న నా తల. ఇచ్చట ‘నా’ అనునది పదమునకు తోకవలె అంటుకొని విడదీయరాకుండును. తండ్రి మొదలగు బంధువులకును ఇదియే పద్ధతి. కాని ఇంటిని చెప్పునపుడు ‘నా’ అనుట ‘నొంగు’, తినుదానిని చెప్పునపుడు ‘కెంగు’, త్రాగుదానిని చెప్పునపుడు ‘మెంగు’. కనుక లేత కొబ్బరిబొండము ‘మెంగు’ పాలిది. చేమదుంప విషయము చమత్కారముగా ఉన్నది. ‘కెంగు’ చేర్చినచో అది నేను తినబోవు దుంప. ‘నొంగు’ చేర్చినచో నేను పండించి అమ్మదలచిన దుంప. దుంప ఒక్కటే, దానితో మనిషికి గల పని వేరు. ఈ దీవుల భాషలను గూర్చి 1914లో వ్రాసిన లెవీ-బ్రూల్ అను ఫ్రెంచి పండితునినుండియే, విడదీయరాని సొత్తు, విడదీయదగిన సొత్తు అను విభాగము భాషాశాస్త్రమున ప్రచారమునకు వచ్చినది.

హవాయి దీవులవారు ఈ విభాగమును మరియొక విధముగా చేసిరి. వారికి ‘నా’ అనునవి రెండు: ఒకదానిలో అకారము, రెండవదానిలో ఓకారము. తల్లిదండ్రులు, తోబుట్టువులు, శరీరము, ఇల్లు ఓకారమునకు చెందినవి. బిడ్డలు, భార్య, భర్త అకారమునకు చెందినవారు. మనము కోరి తెచ్చుకొననివి ఒకవైపు, మన పూనికవలన మనకు వచ్చినవి మరొకవైపు అని పండితులు దీనిని వివరింతురు. తల్లి మనకు దొరికినది, బిడ్డను మనము కంటిమి. ఒకని ‘చిత్రము’ అనునపుడు అకారమైనచో అతడు తీసినది లేదా అతని సొత్తు, ఓకారమైనచో అతని రూపము గలది. మన భాషలో ‘రాముని బొమ్మ’ అన్నచో రాముడు గీచినదో, రాముని గీచినదో, రాముడు కొన్నదో తెలియక వెనుకకు తిరిగి అడుగవలసినదే. అన్ని భేదములను మనమే చూచితిమని మురిసిపోవుటకు వీలులేదు.

మరి విడదీయరాని సొత్తు అను భావము మన భాషలో లేదా? ఉన్నది, అయితే దానిని తమ్ముని పేరులో వెదకవలెను. ప్రాచీన తమిళ సంగ సాహిత్యమున ‘ఎందై’ అన్న మా తండ్రి, ‘నుందై’ అన్న మీ తండ్రి, ‘తందై’ అన్న తమ తండ్రి. అట్లే ‘ఎంబి’, ‘నుంబి’, ‘తంబి’. తల్లికి ‘యాయ్’, ‘ఞాయ్’, ‘తాయ్’. ఎవరి తండ్రియో చెప్పక ఊరకే ‘తండ్రి’ యనుటకు ఆ పదములలో చోటు లేదు. కాలక్రమమున ‘తమ’ అను దానితో కూడిన రూపములు మాత్రము నిలిచి, మిగిలినవి వాడుక తప్పెను. తంబికి సోదరపదము మన ‘తమ్ముడు’. తందైకి సోదరపదము మన ‘తండ్రి’. ఇప్పుడు మనము ‘నా తమ్ముడు’ అనునపుడెల్ల, లోపల దాగియున్న ఆ పాత ‘తమ’ మీద మరియొక ‘నా’ను పేర్చుచున్నాము.

‘నా తమ్ముడు’ అంటిని గాని, నిజమునకు మన నోట వచ్చునది ‘మా తమ్ముడు’. ఏకపుత్రుడైనను ‘మా అమ్మ’ యనును. ఒంటరిగా కాపురముండువాడును ‘మా యిల్లు’ అనును. భర్తను ‘మా ఆయన’ అని చెప్పు ఇల్లాలి మాటకు నవ్వెడువారు తెలుగు రానివారు. కలము, గొడుగు, చెప్పులు ‘నావి’. అమ్మ, ఊరు, ఇల్లు ‘మావి’. ఎదుటివాడును పాలివాడైనచో అదే ఊరు ‘మన ఊరు’ అగును. అన్నదమ్ములలో ఒకడు మాటల నడుమ ‘నా యిల్లు’, ‘నా దొడ్డి’ అని అనుట మొదలిడెనా, పెద్దమనుష్యులను పిలిచి గోడ పెట్టించు దినము దగ్గరపడినదని ఇంటి ఆడువారు గ్రహింతురు. మా మేనత్త ఈ గుర్తును ఎన్నడును తప్పుగా చదువలేదు.

సొత్తునకును ఉనికికిని తెలుగు ముడివేసిన తీరు మరియొకటి కలదు. ధనవంతుని మనము ‘ఉన్నవాడు’ అందుము, పేదను ‘లేనివాడు’ అందుము. ఏమి యున్నదో, ఏమి లేదో చెప్పనక్కరలేదు. ‘కలిమి’ యనునది కలుగుట. ‘లేమి’ యనునది లేకపోవుట. ఈ మాటలలో పట్టుకొనుట యను భావమునకు తావు లేదు. అయితే దరిద్రుని ‘లేనివాడు’ అనుటలో ఒక క్రూరత్వము లేకపోలేదు. వాడు ఎదుటనే నిలిచియున్నను, వాడు లేడనియే మాట.

ఇక ‘కలిగియుండు’ సంగతి. ‘సద్గుణములు కలిగిన’, ‘బుద్ధి గల’ అనుచు నామమునకు ముందు చేరు రూపములు మన భాషకు సహజములు. వానితో నాకు పేచీ లేదు. నా బాధ వాక్యమును ముగించు క్రియగా వచ్చునపుడు. ‘ఆమె ఇద్దరు పిల్లలను కలిగియున్నది’ అను అనువాదమును పత్రికలలో చూచినాను. ఇందలి ‘ను’ అనునది కర్మను తెలుపు ద్వితీయ. బియ్యమును కొలిచినట్లు, బుట్టను మోసినట్లు, ఆమె పిల్లలపై ఏదియో క్రియ జరుపుచున్నట్లు వినవచ్చును. ‘యొక్క’ విషయమును ఇంతే. అది వ్యాకరణసమ్మతమే, కాని ఇంటి తలుపు, ఊరి చెరువు, కంటి నీరు, పంటి నొప్పి అని పదములే తమ రూపమును మార్చుకొని ఔపవిభక్తికములై సంబంధమును తెలుపుచుండగా, ‘ఇల్లు యొక్క తలుపు’ అని వ్రాయువాని చెవి యెక్కడ నున్నదో!

పత్రములు, దరఖాస్తులు, రుణపు కాగితములు వ్రాయువారు ఈ సంగతిని పట్టించుకొనవలసిన అవసరము మిక్కిలి కలదు. సాహిత్యమున ఒక వాక్యము పెళుసుగా నున్నచో చదువరి విసుగుకొని పేజీ త్రిప్పును. కౌలురైతు అట్లు త్రిప్పలేడు. భూమి ఒకనికి ఉండుట వేరు, ఒకని చేతిలో ఉండుట వేరు. న్యాయశాస్త్రము హక్కు, స్వాధీనము అను పేర్లతో ఈ భేదమును పుస్తకములనిండ చర్చించుచున్నది. అదే భేదమును చదువురాని రైతు ఒక విభక్తితో తీర్చుచున్నాడు. ‘మీకు ఎంత భూమి ఉన్నది? మీ సేద్యములో ఎంత ఉన్నది?’ అని రెండు ప్రశ్నలు వేసిన చాలును. పత్రమున ఒక గడి హెచ్చగును.

మరుసటి సంవత్సరము అదే పత్రము మా యూరికి మరల వచ్చినది. ప్రశ్న మారలేదు. ఈసారి ఆ వృద్ధుడు తన మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ గడిలో ‘నాది 2, నా చేతిలోది 4’ అని వ్రాయించెను. గడి చాలక చివరి మాట గీత దాటి అంచున పడినది. ఉద్యోగి కొట్టివేయబోగా ఆయన కాగితముపై అరచేయి నుంచి, “అది అట్లాగే ఉండనీ బాబూ” అనెను.